మూడు ఎర్రదారాల గుడ్డ

షెడ్డు ఖాళీ చేస్తున్నామని తమ్ముడు ఫోన్ చేస్తే పుణె నుంచి పొద్దుటి రైలెక్కి సోలాపూర్ వెళ్లాను. స్టేషన్‌లో ఆటో పట్టుకుని అశోక్ చౌక్ మీదుగా నీలం నగర్ చేరేసరికి ఇంటి వెనక షెడ్డులో ఉండాల్సిన రెండు మరమగ్గాల్లో ఒకటి అప్పటికే లేదు. దాని ఇనుమంతా వాకిట్లో తోపుడుబండి మీద కుప్పగా పడి ఉంది. రెండోదాన్ని ఇద్దరు మనుషులు పానాలు పట్టుకుని విప్పుతున్నారు. సోలాపూర్‌లో స్థిరపడిన మా తెలుగువాళ్లు మరమగ్గాన్ని సాంచ అంటారు. ఆ రెండు సాంచలూ మా ఇంటికి నలభై ఏళ్ల దగ్గర దగ్గర అన్నం పెట్టాయి. నా పై చదువు, తమ్ముడి పెళ్లి, ఈ ఇంటి గోడలు, అన్నీ వాటి చలవే. వాటిని పాత ఇనుముగా తూకం వేస్తుంటే కళ్లనీళ్లు ఆగలేదు. తమ్ముడు రాజేశం ఇప్పుడు స్కూలు యూనిఫాంలు కుట్టించే పనిలో ఉన్నాడు, సాంచలు ఆగి రెండేళ్లయింది. "ఊకో అక్కా, ఇనుపదానికి గూడ ఏడుస్తరా" అని నన్ను ఓదారుస్తూ తను కూడా భుజం మీది తువాలుతో మొహం తుడుచుకున్నాడు.

భోజనాలయ్యాక రేకు పెట్టె ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో నాయన కళ్లజోడు, తెల్ల టోపీలు రెండు, వాటి అడుగున పాత చీరముక్కలో చుట్టిన దిండంత మడత. "ఇది నీకియ్యమని నాయిన ఎప్పుడో చెప్పిండక్కా. పెట్టె అటక మీదికి పోయింది, నేను మర్సిపోయిన" అన్నాడు. మడత విప్పాను. తువాళ్లకు నేసిన గుడ్డ, ముక్కలుగా కోయని తాను. పసుపు రంగుకు తిరిగింది కానీ ఒక్కసారైనా నీళ్లలో పడిన గుడ్డ కాదు. అలవాటుగా అంచు వెంట వేలు నడిపించాను. తానంతటికీ మూడే మూడు ఎర్రదారాలు తగిలాయి. ఆ గుడ్డ ఏదో అప్పుడు తెలిసిపోయింది. అరవై ఏళ్ల మనిషిని, మనవడు ఉన్నదాన్ని, సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నా తప్పును ఇన్నేళ్లు భద్రంగా దాచి, చివరికి నాకే పంపించాడా నాయన అనిపించింది.

ఆ తప్పు సంగతి చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. పెద్ద కంప్యూటర్ల దగ్గర పనిచేశానంటే, వాటిని తయారు చేశాననో, వాటిమీద లెక్కలు వేశాననో అనుకుంటారు. రెండూ కాదు. నేను వాటిని కొలిచాను. సూపర్ కంప్యూటర్ అనేది ఒక్క యంత్రం కాదు, వందలూ వేలూ చిన్న కంప్యూటర్లు ఒకే లెక్కను ముక్కలు చేసి పంచుకుని ఏకకాలంలో చేసే కూటమి. వానలు ఎప్పుడు పడతాయో, విమానం రెక్క చుట్టూ గాలి ఎలా తిరుగుతుందో, అలాంటి లెక్కలకు అది కావాలి. తయారు చేసినవాళ్లు దానికొక వేగం చెబుతారు. అన్ని భాగాలూ ఒక్క క్షణం కూడా ఆగకుండా పరుగెత్తితే వచ్చే వేగం అది. అలా పరుగెత్తే రోజు ఆ యంత్రం జీవితంలో ఒక్కటీ రాదు. నిజమైన లెక్క, నిజమైన శాస్త్రవేత్త చేతిలో, ఎంత వేగంగా తెములుతుందో చెప్పడమే నా పని. ముప్పై ఏళ్లు అదే చేశాను. దానికి కావలసిన చదువు పుణెలో చదివాను కానీ, ఆ పని నేర్చుకున్నది మాత్రం సోలాపూర్ భవాని పేట్‌లోని ఒంటి గది ఇంట్లో, నాయన దగ్గర.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. మేం అమ్మను అవ్వ అనేవాళ్లం. అవ్వ బీడీలు చుట్టేది. తడి గోనెలో చుట్టిపెట్టిన తునికాకు వాసన, చాటలో తంబాకు ఘాటు, వాటి మీద జొన్నరొట్టె కాలే వాసన, నాయన ఇంట్లోకి రాగానే నూనె, నూలు దుమ్ము కలిసిన మరో వాసన. నాయన పేరు ఎల్లయ్య. ఇరవై ఏళ్లు వేరేవాళ్ల కారఖానాలో సాంచ నడిపాడు. రోజంతా ఆ చప్పుళ్ల మధ్య ఉండి చెవి మందగించిందని అవ్వ అనుకునేది. ఆమె చెప్పే పనులు వినబడకపోవడం నిజమే. కానీ సందులో నడుస్తూ నడుస్తూ ఏదో షెడ్డు ముందు టక్కున ఆగి, "గా మూలకున్న సాంచ కుంటుతున్నది" అనేవాడు. పది సాంచల మోతలో ఒకదాని నడక తప్పడం ఆయనకు తెలిసేది. అన్నం తినేటప్పుడు మాట్లాడడు. స్నానం చేశాక టోపీ లేకుండా గడప దాటడు. రొట్టెలోకి శేంగ చట్నీ, అదే పల్లీల పొడి, లేకపోతే అడగడు, కానీ రొట్టె సగమే తింటాడు. అలాంటి మనిషి.

పేట్‌లో ఎవరు పాత సాంచ కొనాలన్నా ముందు నాయనను తీసుకుపోయేవాళ్లు. ఆయన చూసే పద్ధతి వేరు. అమ్మేవాడు నున్నటి కొత్త నూలు పెట్టి, ఆరితేరిన పనివాణ్ణి నిలబెట్టి, గంటసేపు నేసి చూపిస్తాడు. నాయన దానికేసి కూడా చూడడు, తంబాకు నలుపుకుంటూ బయట కూర్చుంటాడు. మర్నాడు పొద్దున్నే తన గంప తానే ఎత్తుకుని వెళతాడు. సాంచలో అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే, పేకదారం అంటే అడ్డదారం చుట్టిన చిన్న కడ్డీలను కండెలు అంటారు. ఆ గంప నిండా కండెలే. వాటిని ముగ్గురు ఆడవాళ్లు చుట్టాలని ఆయన నియమం. అవ్వ చుట్టినవి గట్టిగా ఉండేవి, నేను చుట్టినవి ఒక మాదిరిగా ఉండేవి, చూపు ఆనని పక్కింటి నర్సవ్వ పెద్దమ్మ చుట్టినవి వదులు వదులుగా ఉండేవి. నూలు కూడా అంతే, మంచిదీ, ముడులున్నదీ, చెమ్మ తగిలినదీ కలిపి ఉండాలి. "రోజూ కారఖానాల ఏమొస్తదో గంపల గదే ఉండాలె" అనేవాడు. పక్క సాంచలన్నీ నడుస్తుండగానే ఇదీ నడవాలి, ఒక్కదాన్నే నడిపితే కరెంటంతా దానికే దక్కి దౌడు తీస్తుంది. నడిపేవాడు మామూలు పనివాడై ఉండాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడవాలి.

ఇక ఎర్రదారం సంగతి. దారం తెగో, నాడె చిక్కుకునో సాంచ ఆగిన ప్రతిసారీ, మళ్లీ నడిపేముందు పనివాడు ఆ చోట గుడ్డ అంచులో వేలెడు ఎర్రదారం ముక్క దూర్చాలి. కండె అయిపోయి మార్చుకోవడం ఆగడం కిందికి రాదు, అది పనిలో భాగం. సాయంత్రం ఆ గుడ్డను అరుగు మీద పరిచి నాయన కళ్లు మూసుకుని అంచు వెంట వేళ్లు నడిపించేవాడు. ఎర్రదారాలు చెదురుమదురుగా తగిలితే తప్పు నూలుది. ఒకే ఎడంతో తగులుతూ పోతే తప్పు సాంచది. అంతా తడిమాక లేచి, "రోజుకు ఇన్ని తువాళ్లు ఇస్తది" అని ఒక్క మాట చెప్పేవాడు. ఆ మాట తప్పిందని ఎవరూ వచ్చి దెబ్బలాడిన గుర్తు నాకు లేదు. తర్వాతి కాలంలో చాలా దేశాల నిపుణులతో పనిచేశాను, వాళ్ల పుస్తకాలు చదివాను. కొలత గురించి నాయనకు తెలియనిది వాళ్లు నాకు చెప్పింది చాలా తక్కువ.

పేట్ మొత్తానికి సాంచలు చూసిపెట్టిన మనిషికి సొంత సాంచ లేదు. నేను బీఎస్సీ లెక్కలు చివరి ఏడాది చదువుతున్నప్పుడు లింగయ్య కాక కిరాణా దుకాణం పెట్టుకుంటానని తన రెండు సాంచలూ అమ్మకానికి పెట్టాడు. నాయనతో పాటు కారఖానాలో పనిచేసి ముందే బయటపడిన మనిషి ఆయన. ఇంట్లో ఉన్నదంతా ఊడ్చినా ఒక్కసారి కొనడానికే సరిపోతుంది. పనికిరాని సాంచలు కొంటే మళ్లీ కొనే దారి లేదు, నాయన తిరిగి అదే యజమాని గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడాలి. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు కానీ అందరికీ తెలుసు. ఆ వారం రోజులూ నాయన సందులో నడుస్తుంటే వీపు కొంచెం నిటారుగా అయినట్టు నాకు కనిపించింది. ఆ వీపు మళ్లీ వంగడం నేను చూడలేననుకున్నాను.

సాంచల పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం అవ్వ చుట్టిన బీడీలు కంపెనీలో అప్పజెప్పడానికి పోయింది. గంప నింపే పని నామీద పడింది. ఒక్కొక్క కండెనే బొటనవేలితో నొక్కి చూశాను. గట్టిగా ఉన్నవి, ముడి లేనివి గంపలోకి. వదులువి, చెమ్మవి, నర్సవ్వ పెద్దమ్మవి అన్నీ ఒక సంచిలో కుక్కి మంచం కిందికి తోసేశాను. తప్పు చేస్తున్నానని తెలుసు. కానీ అప్పటి నా బుద్ధికి పరీక్ష సాంచలకు కాదు, నాయనకు. పరీక్షలో ఆయన నెగ్గాలంతే.

మర్నాడు రెండు సాంచలూ ఎలా నడిచాయనుకున్నారు! సాయంత్రం నేను కూడా లింగయ్య కాక షెడ్డుకు వెళ్లాను. కాక మొహం పూరీలా పొంగి ఉంది. "ఏం ఎల్లయ్యా, నా సాంచలు గుర్రాలు గాదూ? ఏక్‌దమ్ గుర్రాలు!" అన్నాడు. నాయన అరుగు మీద కూర్చుని రెండో సాంచ గుడ్డ అంచు తడుముతున్నాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి పోయాడు. మళ్లీ ఈ చివరికి వచ్చాడు. మూడు ఎర్రదారాలు. "తెగినకాడల్లా పెట్టినవా?" అని పనివాణ్ణి అడిగాడు. "తెగితే గదా ఎల్లన్నా పెట్టేది" అన్నాడు వాడు. నాయన గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. వెనక నేను. ఇంట్లోకి రాగానే చెప్పులు కూడా విడవకుండా వంగి మంచం కింది సంచి బయటికి లాగాడు. ఒక కండె తీసి బొటనవేలితో నొక్కాడు. మెత్తగా లోపలికి దిగింది.

"గంప నువ్వు నింపినవా?"

"ఊఁ."

"ఏరినవా?"

"మంచిగ నడవాలనే గద నాయినా. నీకు సాంచలు రావాలెనని ఏరిన" అన్నాను. అప్పటికే ఏడుస్తున్నాను. అవ్వ చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. కొడతాడేమో అనుకుంది పాపం. నాయన ఎప్పుడూ కొట్టలేదు, అప్పుడూ కొట్టలేదు. గడప మీద కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"సాంచలు వస్తయ్ బిడ్డా. వచ్చినంక రోజూ గీ ఏరిన గంప నేను ఏడికెల్లి తేవాలె?"

అంత మెల్లిగా అడిగిన ఆ ప్రశ్న నన్ను జీవితమంతా వెంటాడింది. కొత్త యంత్రం ముందు నిలబడిన ప్రతిసారీ నాలోపల ఎవరో ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు.

మర్నాడు మళ్లీ పరీక్ష అంటే లింగయ్య కాకకు ఒళ్లు మండింది. "తలకాయ ఖరాబైందా నీకు? సాంచ మంచిగ నడిస్తే మంచిగెందుకు నడిచింది అని పంచాయితీ పెడ్తవా? గిట్లాంటోన్ని సోలాపూర్ల నేను సూడలే" అని సందంతా వినబడేలా అరిచాడు. నేను గంప పట్టుకుని నాయన వెనక నిలబడి ఉన్నాను. "లింగన్నా, నిన్నటి గంపల తప్పుండె. తప్పు మాదే. ఒక్క రోజు ఓర్సుకో" అన్నాడు నాయన. ఎవరు చేసిన తప్పో చెప్పలేదు. ఆ రోజు సంచిలోని కండెలూ, మిగతావీ కలిపిన గంపతో నేశారు. సాయంత్రానికి గుడ్డ అంచంతా ఎర్రెర్రగా కుచ్చులు పట్టింది. మొదటి సాంచ గుడ్డ మీద చెదురుగా ఉన్నాయి, అది నూలు పాపం. రెండోదాని మీద మాత్రం మూరకొకటి చొప్పున వరసగా ఉన్నాయి. నాయన దాని పక్క పెట్టె విప్పించి చూస్తే నాడె వచ్చి తగిలే తోలుబిళ్ల ఒకవైపు అరిగిపోయి ఉంది. నాడె తగిలినప్పుడల్లా దారాన్ని గుంజుతోంది. నేను ఏరిన గట్టి నూలు ఆ గుంజును ఓర్చుకుంది, మామూలు నూలు ఓర్చుకోలేకపోయింది. లింగయ్య కాకకే ఆ సంగతి తెలియదు. పొద్దున అంత అరిచిన మనిషి తోలుబిళ్ల తనే కొత్తది వేయించి ఇచ్చాడు. నాయన రెండు సాంచలూ కొన్నాడు. "రెండిట్ల కలిపి ఇన్ని తువాళ్లు, ఒక్కటి ఎక్కువ రాదు" అని అవ్వకు చెప్పాడు. అవ్వ ఇల్లంతా ఆ మాట మీద నడిపింది. రెండో రోజు గుడ్డను కోసి తువాళ్లు చేసింది, అవి చిరిగేదాకా వాడాం. మొదటి రోజు గుడ్డ ఏమైందో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

పుణెలో చదువు ముగించి, అక్కడే సొంతంగా పెద్ద కంప్యూటర్ తయారు చేస్తున్న ఒక సంస్థలో చేరాను. మా యంత్రం నాలుగు బీరువాల వరస. అందులో అరవై నాలుగు చిన్న కంప్యూటర్లు. ఆ గదిలో ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకోవాల్సిందే. మా పెద్ద జోషీ సర్ సన్నగా, గాభరాగా ఉండే మనిషి. ఆ యంత్రాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడు. విడిభాగాలు దొరక్క, దొరికినవి అతకక, ఆయనా ఆయన కుర్రాళ్లూ పడిన పాట్లు నేను కళ్లారా చూశాను. అరవై నాలుగూ మొదటిసారి ఒకేసారి పలికిన రోజు ఆయన గది బయటికి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది. కొన్నాళ్లకు వానల లెక్క వేసే శాస్త్రవేత్తలు ముగ్గురు యంత్రాన్ని చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. వాళ్లు పనికొస్తుందంటే మా జట్టు తర్వాతి యంత్రం కడుతుంది. కాదంటే ఇది దీపాలు మినుక్కుమనే బొమ్మగా మిగిలిపోతుంది. దాని వేగం కొలిచి పట్టిక తయారు చేసే పని నాది.

కొలిస్తే ఏం తేలిందంటే, వానల లెక్కను ఒక్క కంప్యూటర్ చేసే వేగంతో పోలిస్తే ఎనిమిది కలిసి చేసినప్పుడు ఇంచుమించు ఎనిమిది రెట్ల వేగం వచ్చింది. అరవై నాలుగు కలిస్తే ఇరవై రెట్లు కూడా రాలేదు. నలభైకి పైగా యంత్రాలు ఉండీ లేనట్టే. కానీ వేరే రకం లెక్కలు ఉంటాయి. ఎవరి ముక్క వాళ్లు చేసుకుని, పక్కవాడితో మాట కలపకుండా, ఆఖర్న ఒక్కసారి జవాబు చెబితే చాలు. వాటిలో మా యంత్రం దాదాపు అరవై రెట్లు ఉరికింది. జోషీ సర్ అబద్ధం చెప్పమనలేదు. "మన యంత్రం బాగా కనిపించే లెక్కలు ముందు పెట్టు అంబికా" అన్నాడంతే. పెట్టాను. అలాంటివి ఎనిమిది ఏరి, అందంగా పట్టిక టైపు చేయించాను. వానల లెక్కను పెట్టలేదు. జట్టు మీద అంత ప్రేమ నాకు, మా ఇంటి మాటలో చెప్పాలంటే పాయిరం. ఏరుతున్నప్పుడు భవాని పేట్ మంచం కింది సంచి గుర్తుకు రాలేదంటే నమ్ముతారా? నిజంగానే రాలేదు.

ఆ వారమే నాయన పుణె వచ్చాడు. ఇస్త్రీ టోపీ, సంచిలో అవ్వ పంపిన శేంగ చట్నీ. యంత్రాన్ని చూస్తానన్నాడు. దుమ్ము పడకూడదని అందరూ చెప్పులు బయట విడుస్తున్నారని తెలిసి ఆయనకు ముచ్చటేసింది. లోపల బీరువాల వరసకు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, చెవి పెట్టి విన్నాడు. ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు.

"ఎన్ని ఉన్నయ్ బిడ్డా?"

"అరవై నాలుగు."

"అన్నీ ఒక్కటే గుడ్డ నేస్తయా?"

"ఒక్కటే నాయినా. తలా ఒక ముక్క."

"మరి ఒగల ముక్క అంచు ఇంకొకలకు ఎట్ల కలుస్తది?"

వానల లెక్కలో ప్రాణమంతా అక్కడే ఉంది. దేశం పటాన్ని ముక్కలు చేసి పంచుకున్నాక, ప్రతి ముక్కా తన అంచున గాలి ఎలా ఉందో పక్క ముక్కకు చెబితే గానీ తర్వాతి అడుగు పడదు. "అంచులన్నీ సున్నా నంబరు దానికి పంపుతయ్. అది అందరికీ పంచుతది" అని చెప్పాను.

"అరవై మూడింటికి ఒక్కతే కండెలు అందియ్యాలె" అన్నాడు నాయన. ఆ మొదటి బీరువా వైపు జాలిగా చూసి, "పాపం" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఒక్కరి దగ్గర ఇరుకు ఏర్పడితే ఎందరు పనివాళ్లున్నా లాభం లేదని మా పుస్తకాల్లోనూ ఉంది, ఆయన చెబితే గానీ తెలియని సంగతి కాదు. ఆయన మెప్పు కోసం పట్టిక చూపించాను. "ఎంత మంచిగొచ్చిందో సూడు." అంకెలు ఆయనకు మరాఠీ బడిలో నేర్చినంతే వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్క వరసా చూశాడు. కాగితం అంచును కూడా అలవాటుగా తడిమాడు.

"మంచిగున్నది. ఎర్రదారాలు ఏడున్నయ్?"

అప్పుడే లోపలికి వచ్చిన జోషీ సర్, నా మొహం చూసి, "బాబా ఏమంటున్నారు?" అని మరాఠీలో అడిగాడు. చెప్పక తప్పలేదు. యంత్రం ఆగిన చోట్లు ఎక్కడ రాశావని అడుగుతున్నారు సర్ అన్నాను. తర్వాత నిలబడే మొత్తం చెప్పాను, గంప, సంచి, లింగయ్య కాక అన్నీ. సర్ మొదటి బీరువా దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. కన్నబిడ్డకు వంక చెబితే ఏ తండ్రికి బాగుంటుంది? చివరికి పట్టిక నా చేతిలోంచి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వాళ్లు రావడానికి తొమ్మిది రోజులుంది. దారాలు కట్టు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు నేను జీవితమంతా నమస్కారం పెడతాను.

ప్రతి కంప్యూటర్ తను పని మానేసి ఎదురుచూసిన ప్రతిసారీ ఆ సమయం రాసిపెట్టేలా ప్రోగ్రాం మార్చాను. అచ్చువేస్తే మూరల కొద్దీ కాగితం వచ్చింది. ఎర్ర పెన్సిల్‌తో ఎదురుచూపులన్నీ గీస్తూ పోతే కాగితం అంచు ఎరుపెక్కిపోయింది. కొన్ని చెదురుగా ఉన్నాయి, తీగల లోపాలు. అసలువి మాత్రం ఒకే ఎడంలో, ప్రతి అడుగు చివరా, సున్నా నంబరు అందించేదాకా మిగతావన్నీ ఖాళీగా కూర్చున్న చోట్లు. కుర్రాళ్లు ఎవరి అంచు వాళ్లే పక్కవాడికి సూటిగా ఇచ్చుకునేలా ప్రోగ్రాంను తిరగరాశారు. వేగం ఇరవై లోపు నుంచి ముప్పై ఎనిమిది రెట్లకు పెరిగింది. అరవై రాలేదు. ఎప్పుడూ రాలేదు. కొత్త పట్టికలో మొదటి వరసలో వానల లెక్క పెట్టాం, పాత వేగం, కొత్త వేగం, ఎర్రగీతల కాగితంతో సహా. వచ్చినవాళ్లలో ఒకాయన అది చూసి పెదవి విరిచాడు. తల నెరిసిన ఒకావిడ మాత్రం మధ్యాహ్నమంతా ఎర్రగీతలు చదువుతూ కూర్చుంది. "మా రోజువారీ పనికి ఇది చాలదు. ఎంత చాలదో మాకు మొదటిసారి ఒకరు చెప్పారు. తర్వాతి యంత్రం కట్టండి, మా లెక్క మేమే తెచ్చి ఇస్తాం" అంది. జోషీ సర్ మళ్లీ గది బయటికి వెళ్లి గోడకు ఆనుకున్నాడు.

అవన్నీ పోయాయి. ఆ నాలుగు బీరువాలు చేసిన లెక్కను ఇప్పుడు నా చేతిలో ఫోను అవలీలగా చేస్తుంది. ఇప్పటి యంత్రాల్లో లక్షల సంఖ్యలో భాగాలుంటాయి, ఏది ఎంత వేగమైందో ప్రపంచమంతటికీ వరస జాబితాలు వేస్తారు. ఆ జాబితాల కోసం పెట్టే లెక్క కూడా ఏరిన గంపే, అన్ని యంత్రాలకూ నప్పే నున్నటి లెక్క. నిజమైన పనిలోకి దిగితే అందులో పదో వంతు దక్కడం కూడా కష్టమేనని అందరికీ తెలుసు, అయినా పండగ చేసుకుంటారు. చేసుకోనివ్వండి. అంత పెద్ద కూటమిని ఒక్క తాటి మీద నడిపించడమే గొప్ప, నేను కాదనను. మా సంస్థలో చేరిన కొత్త పిల్లలు ఇప్పుడు కంప్యూటర్ తెర మీద ఎదురుచూపులను ఎరుపు రంగులో చూస్తున్నారు. ఆ రంగు ఎందుకు పెట్టానో వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. సోలాపూర్‌లో కూడా నాడె లేని కొత్త సాంచలు వచ్చాయి, మా నాయన సాంచ రోజంతా నేసేది అవి పూటలో నేసేస్తాయి. వాటి ముందు ఆయన గంప పెట్టుకుని కూర్చుంటే ఏమనేవాడా అని అనుకుంటూ ఉంటాను.

సాయంత్రం తోపుడుబండి వెళ్లిపోయాక రాజేశాన్ని అడిగేశాను. "నాయిన దీన్ని ఎందుకు దాచిండ్రా? నాకు సిగ్గు రావాల్ననా?"

వాడు వింతగా చూశాడు. "సిగ్గేందక్కా? నువ్వు పుణె పోయినంక అవ్వ ఒకసారి దీన్ని తువాళ్లు కోద్దామన్నది. నాయిన కత్తెర గుంజుకున్నడు. 'గీ గుడ్డతోని సాంచ సంగతి ఏం తెల్వది, గది నిజమే. నా బిడ్డకు నా మీద పాయిరం ఎంతున్నదో గది మాత్రం బరాబర్ కొలతకొస్తది. దీన్ని ఎవ్వలు ముట్టొద్దు' అన్నడు."

నేను షెడ్డులోకి వెళ్లాను. సాంచలున్న చోట నేల మీద ఎనిమిది నల్లటి కాళ్ల గుర్తులు ఉన్నాయి. వాటి మీద గుడ్డ పరిచి, మోచేతి నుంచి వేలి కొస దాకా మూరలేస్తూ కొలవడం మొదలుపెట్టాను. సగంలో కళ్లు మసకేసి లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి కొలిచాను.